కత్తి మీద పేరుంటే నమ్మేయాలా? మా పెద్దనాయన జపాన్ కత్తి కథ

దేవరయాంజాల్ నుంచి మళ్లీ నేనే. మా ఊరి పేరు వింటే చాలామందికి రామాలయం భూముల వార్తలే గుర్తొస్తాయి. ఇవాళ మన పంచాయితీ భూమి కాగితాల మీద కాదు, ఒక కత్తి మీద.

మా పెద్దనాయన ఇంట్లో బీరువా వెనక, పాత దుప్పట్లో చుట్టిన జపాన్ కత్తి ఉంది. ఆయన మామ రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పనిచేసి, వచ్చేటప్పుడు తెచ్చాడంటారు. హైదరాబాద్ రెజిమెంట్ వాళ్లు బర్మాలో, మలయాలో జపాన్ సైన్యంతో పోరాడారు కాబట్టి, నమ్మలేని కథేం కాదు.

పోయిన నెల ఒకాయన వాట్సాప్‌లో దాని ఫొటో చూసి ఫోన్ చేశాడు. "ఇది కొతెత్సు చేసిన కత్తి, 350 ఏళ్లది. జపాన్ పంపిస్తే 60 లక్షలు. సర్టిఫికెట్ ఖర్చుకి ముందు 65 వేలు వేయండి" అన్నాడు. పెద్దనాయన బిడ్డ పెళ్లి దగ్గర పడింది. చిట్టీ ఎత్తి పైసలు రెడీగా పెట్టుకున్నాడు. "ఆగు పెద్దనాయనా, ఒక్క రోజు ఆగు" అని నేను బండేసుకుని పోయిన.

కొతెత్సు నిజంగానే 17వ శతాబ్దపు గొప్ప కమ్మరి. సమస్య ఏంటంటే, జపాన్‌లో దొంగ సంతకాలు బాగా ఎక్కువ పడ్డ పేర్లలో ఆయనదొకటి. అలాంటి సంతకాన్ని అక్కడ 'గిమెయి' అంటారు. ఇందులో మెలిక ఉంది. సంతకం దొంగదైనా కత్తి నిజంగానే పాతది అయ్యుండొచ్చు. పేరులేని కమ్మరి మంచి కత్తి చేస్తాడు, తర్వాత ఎవడో రేటు కోసం పెద్ద పేరు చెక్కుతాడు. మన బీటెక్ బ్యాచ్‌కి అర్థమయ్యేలా చెప్పాలంటే, గిట్‌లో ఆథర్ పేరు ఏదైనా టైప్ చేసి కమిట్ కొట్టొచ్చు కదా, అలాగన్నమాట.

ఇది జపాన్ గోల అనుకోకండి, మన దగ్గరా ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారులు వచ్చేవాళ్లు. 1820ల్లో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరి ఉక్కు తయారీని చూసి రాసుకున్నాడు. మన ఉక్కుతో అక్కడ కత్తులు చేసేవాళ్లు. ఆ పర్షియన్ కత్తుల మీద బాగా కనిపించే పేరు 'అసదుల్లా ఇస్ఫహానీ'. షా అబ్బాస్ కాలం వాడంటారు. కానీ ఆ పేరున్న కత్తుల మీది తేదీలన్నీ పక్కపక్కన పెడితే వందేళ్లు దాటిపోతాయి. ఒక్క మనిషి అంతకాలం సుత్తి పట్టడు. ఆ పేరు ఒక బ్రాండ్ అయిపోయింది.

సరే, ఎలా చూస్తారు? జపాన్‌లో తెలిసినవాళ్లు పేరు ముందు చూడరు. వాళ్ల అభ్యాస సభల్లో పిడి లోపలి భాగానికి గుడ్డ చుట్టేసి, కత్తి ఒంపు, అంచు మీద నీళ్లలో ముంచినప్పుడు ఏర్పడే తెల్లటి గీత, ఉక్కు పొరలు చూసి, ఎవరు చేశారో చెప్పమంటారు. కత్తి ఏ కాలందో తేలాకే పేరు దానికి సరిపోతుందా అని చూస్తారు.

ఆ పేరు పిడి లోపల దాగిన మొన మీద ఉంటుంది. చిన్న వెదురు మేకు తీస్తే పిడి ఊడొస్తుంది. పాత కత్తికి ఆ మొన మీద నల్లటి, గట్టి తుప్పు ఉంటుంది. ఎవ్వరూ దాన్ని రుద్దరు. అక్షరం గీత లోపల ఉన్న తుప్పు, బయట ఉన్న తుప్పు ఒకేలా ఉన్నాయా? ఉలి దెబ్బల తీరు ఆ కమ్మరి మిగతా సంతకాలతో కలుస్తుందా? ఆకురాయి గీతలు ఆయన అలవాటు ప్రకారమేనా? ఇవీ ప్రశ్నలు. తుప్పే సాక్షి.

ఇక్కడే నా తల దించుకునే సీన్. మేకు తీసి పిడి లాగితే, పేరున్న వైపు తళతళ మెరుస్తోంది. ఎందుకంటే నేనే రుద్దిన! బీటెక్ సెకండ్ ఇయర్ దసరాకి, ఆయుధ పూజ కదా అని, ఇత్తడి చెంబుల్లాగే చింతపండు పెట్టి, ఆపైన శాండ్ పేపర్‌తో రుద్దిన. వీడియో కూడా తీసుకున్న. రెండో వైపుకి వచ్చేసరికి పెద్దమ్మ అన్నానికి పిలిచింది. ఆ పిలుపే కాపాడింది.

ఎందుకంటే ఇలాంటి కత్తులకి చాలాసార్లు ఒక వైపు పేరు, రెండో వైపు తేదీ ఉంటాయి. రుద్దని వైపు అక్షరాలు ఉన్నాయి. మొదటి రెండూ 'షోవా', అంటే హిరోహితో చక్రవర్తి కాలం. 1926లో మొదలైంది. దాని కింద ప్లస్ గుర్తులాంటిది, అది పది. దాని కింద గుడిసె కప్పులా విడిపోయిన రెండు గీతలు, అది ఎనిమిది. షోవా 18 అంటే 1943. తేదీ కూడా దొంగది కావొచ్చు కదా అంటారేమో. పాతదని చెప్పుకోవడానికి ఎవడైనా దొంగ తేదీ వేస్తాడు, కొత్తదని చూపించడానికి ఎవడు వేస్తాడు? ఆపైన యుద్ధంలో వచ్చిందన్న మా ఇంటి కథకి ఈ తేదీ సరిగ్గా సరిపోతుంది.

ఇంకోటి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువుని ప్రైవేటు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. కత్తి నిజంగా 350 ఏళ్లదైతే ఆయన దాన్ని జపాన్ ఎలా పంపుతాడు? ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇదే అడిగిన. "నెట్‌వర్క్ ప్రాబ్లం" అన్నాడు. మళ్లీ ఎత్తలేదు.

పెద్దనాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. 60 లక్షలు మనసులో ఖర్చు పెట్టేసిన మనిషి కదా. తర్వాత మెరిసే వైపు తిప్పి, "మరి ఈ పేరు ఎవరిది బిడ్డా?" అన్నాడు. అక్షరాలు చదవొచ్చు, 1943లో పనిచేసిన కమ్మరిదే కావొచ్చు. కానీ పేరు, తేదీ ఒకే చేత్తో పడ్డాయా అని పోల్చి చూడాల్సిన తుప్పు నేను చింతపండుతో కడిగేసిన. అదే చెప్పిన.

"పోనీ తియ్, మా మామ తెచ్చిండన్న మాటైతే నిజమే కదా" అని, మెత్తటి గుడ్డతో మొన తుడిచి, మేకు మళ్లీ తనే బిగించిండు. 65 వేలు పెళ్లికి టెంట్ హౌస్ వాళ్లకి అడ్వాన్స్ ఇచ్చేసిండు.

వచ్చే ఎపిసోడ్ కోనసముద్రం నుంచి. మీ ఇంట్లో పాత కత్తి ఏదైనా ఉంటే ఫొటో పెట్టండి. రుద్దకుండా పెట్టండి, ప్లీజ్.