లేఖనములలో తారతమ్యము



లేఖనమంతయు దైవావేశమువలన గలిగినదని తిమోతికి వ్రాయబడిన రెండవ పత్రిక చెప్పుచుండగా, అందలి భాగములకు హెచ్చుతగ్గులు గల్పించుట అవిశ్వాసమేయని నిన్నటి సభలో గౌరవనీయులైన మిత్రులొకరు తీర్పు చెప్పియున్నారు. ఈ వాదమును యౌవనమునుండియు వినుచున్నాను. నాటినుండియు దానితో నాకు పొత్తు కుదురలేదు. లేఖనమంతయు ప్రయోజనకరమని యా పత్రిక చెప్పినదేకాని, ప్రతి పుటయు సమప్రయోజనకరమని చెప్పలేదు. పుదీనా, సోపు, జీలకర్రలలో దశమభాగమును లెక్క తప్పక చెల్లించుచు న్యాయమును, కనికరమును, విశ్వాసమును విడిచిన శాస్త్రులను గద్దించునపుడు ధర్మశాస్త్రములో ప్రధానమైనది వేరుగ గలదని ప్రభువే సెలవిచ్చెను. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెగ్రాంజెసు అను మిషనరీ దొరలు ఆనందరాయని సాయముతో సువార్తలనే ముందుగా తెనిగింప బూనుటయు ఈ వివేకముచేతనే.

అయినను, తారతమ్యము గలదని యొప్పుకొన్న మరుక్షణమే కత్తెర చేపట్టువారితో నాకు అంతకంటె పెద్ద కలహము గలదు. క్రీ.శ. 144 ప్రాంతమున రోమా సంఘమునకు దూరమైన మార్కియోను హెబ్రీ లేఖనముల నన్నిటిని త్రోసిపుచ్చి, తాను సవరించిన లూకా సువార్తను, పౌలు పత్రికలు పదింటిని మాత్రమే నిలుపుకొనెను. లూథరు 1522లో తన క్రొత్తనిబంధన యనువాదమున యాకోబు పత్రికను గడ్డితో బోల్చి, దానిని హెబ్రీ, యూదా, ప్రకటన గ్రంథములతోగూడ సంఖ్యలేకయే కడపట నుంచెను. ఆ మాట తరువాతి ముద్రణలలో తొలగినను, పత్రికపై బడిన యపవాదు నేటికిని తొలగలేదు. 1546లో ట్రెంటు మహాసభ గ్రంథములన్నిటిని సమానభక్తితో స్వీకరించుచున్నట్లు శాసించినది. సమానభక్తికి నేనును తలయొగ్గుదును. అయితే భక్తి సమానమైనంతమాత్రమున ప్రాముఖ్యము సమానము గానేరదు. రోమా పత్రిక యను నొక్క గవాక్షముగుండనే వేదమంతటిని జూపు పండితవర్గము మనలో నొకటి గలదు. ఆ గవాక్షమునకు కానరాని లేవీయకాండమును గూర్చియే నేడు నా విన్నపము.

నేను కృష్ణామండలమున గ్రామములు తిరుగుచు బోధించు దినములలో, కోతలైన పొలములలో పరిగె యేరుకొను స్త్రీలకు లేవీయకాండము 19వ అధ్యాయమును చదివి వినిపించితిని. పొలపు అంచులను పూర్తిగా కోయరాదనియు, రాలిన వెన్నులను బీదలకును పరదేశులకును విడువవలెననియు, కూలివాని కూలిని రాత్రి గడచి తెల్లవారువరకు అట్టిపెట్టుకొనరాదనియు అందున్న శాసనములు విని, ఒక వృద్ధురాలు “ఈ మాట దేవుడే చెప్పినాడా, అయ్యగారూ? ఇన్నాళ్లు మాకెవరూ చదవలేదేమి?” అని యడిగినది. బలుల విధులను, కుష్ఠరోగ లక్షణములను జెప్పు ప్రకరణములు ఆమెకు ఈ యధ్యాయముతో సమానములని నేననజాలను. కాని వానితోపాటు దీనినిగూడ మూసిపెట్టిన మన బోధను క్షమింపజాలను. తన్నువలె పొరుగువానిని ప్రేమింపుమను నాజ్ఞ, ప్రభువు రెండవదిగా నిలిపినది, ఈ యధ్యాయము 18వ వచనమునందే గలదు. యాకోబు దానినే రాజాజ్ఞయని కొనియాడి, కోతగాండ్రకు చెల్లింపని కూలి మొరపెట్టుచున్నదని ధనవంతులను హెచ్చరించినాడు. రూతు బోయజు పొలమున పరిగె యేరుకొనగలిగినదియు ఈ శాసనపు నీడనే. గడ్డి యనిపించుకొన్న పత్రికయు, ఎవ్వరును తెరువని కాండమును ఇట్లు కూలివాని పక్షమున నొక్కటిగా నిలిచియుండగా, పొలములలో చెమటోడ్చువారితో నిండిన మన సంఘములు ఏ భాగమును ముఖ్యమని యెంచవలెనో పుస్తకాల గదులలో కూర్చుండి నిర్ణయించుట ధర్మమగునా?

కీర్తనలకును, యోహాను సువార్తకును వ్యాఖ్యానము వ్రాయ నుత్సహించు విద్వాంసులు మనకు గలరు. వారిలో హెబ్రీ నేర్చినవారు కొందరైనను ఈ 19వ అధ్యాయమునకు, యాకోబు పత్రికతో అన్వయించుచు, తెలుగున వ్యాఖ్య సంతరింపవలెను. మన పల్లెల కూలి వాడుకలను, పరిగె మర్యాదలను తెలిసిన ఉపదేశకులను ఆ పనిలో తమతో గూర్చుండబెట్టుకొనవలెను. ఇందుకై రేపటి సభ ముగియకమున్నే ఒక ఉపసంఘమును నియమింప బ్రతినిధులను ప్రార్థించుచున్నాను.