ఆవిరి యింజన్ల రేవు: లోకోషెడ్డు నమూనా నిర్మాణము



విశాఖపట్నపు ఫిషింగ్ హార్బరులో ఒక ఉదయము నిలిచి చూచినవారికి లోకోషెడ్డు అనగా నేమో వేరుగ చెప్పవలసిన పని లేదు. వేటనుండి మరపడవ వచ్చి జెట్టీని చేరును. చేపలు దిగును. అటుపిమ్మట డీజిలు, ఐసు, మంచినీరు, తిండిసామగ్రి ఎక్కును. చిరిగిన వలను ఒకరు బాగుచేయుచుండగా యంత్రమును మరొకరు విప్పి చూతురు. పని ముగిసిన పడవ మరల సముద్రమునకు పోవును. ఆవిరి యింజనునకు లోకోషెడ్డు ఇట్టి రేవే. వచ్చిన యింజను బూడిదను దించుకొని, బొగ్గును నీటిని ఎక్కించుకొని, అవసరమైన ముఖము త్రిప్పుకొని మరల బండికి పోయెడిది. మరపడవ మీది పనివానిని కళాసీ యందురు. షెడ్డులోని పనివానిని ఖలాసీ యనిరి. మాట ఒక్కటే, పని తీరును ఒక్కటే.

షెడ్డు నమూనా చేయబూనినవారు ఈ పోలికను మరువరాదు. తరచు జరుగున దేమనగా, మొదట ముచ్చటైన యింజన్లను సంపాదింతురు, వానిని బల్ల నిండ నిలుపుదురు, ఆపైన చుట్టును ఒక కప్పు కట్టుదురు. అది బొమ్మల కొట్టు అగునేగాని షెడ్డు కాజాలదు. పడవలు కట్టివేసిన రేవు ఎంత అందముగ నున్నను రేవు పని తెలుపదు గదా!

ఈ తీరమునకు రైలు ఓడరేవు కంటె ముందే వచ్చినది. బెజవాడనుండి కటకము వరకు ఈస్టుకోస్టు స్టేట్ రైల్వే 1893–1896 నడుమ భాగములుగా తెరువబడెను. పిమ్మట దక్షిణ భాగము మద్రాసు వైపు కంపెనీకి, ఉత్తర భాగము బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందగా, వాల్తేరు రెంటికి సరిహద్దయినది. 1931లో రాయపూరు నుండి విజయనగరమునకు మార్గము పూర్తియైనది. 1933లో ‘జలదుర్గ’ అను ఓడ కొత్త రేవున ప్రవేశించెను. ఆ యేడు డిసెంబరు 19న లార్డ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించెను. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజము ఈ దారినే సముద్రమునకు దిగినది. అంత బరువును లాగినది బొగ్గు, నీరు, వానిని ఎక్కించిన చేతులు.

ఆ యింజన్లలో కొన్ని నేటికిని చూడ దొరకును. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి గారట్ యింజను ఒకటి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో నిలిచియున్నది. బ్రాడ్‌గేజి మీద ఆవిరి యింజన్ల నిత్యసేవ 1995తో ముగిసినది. యింజనును తెచ్చి మ్యూజియములో నిలుపవచ్చును. షెడ్డులోని పనిని నిలుపుటెట్లు? 1970ల నడుమ ఇరువదేండ్ల ప్రాయమున ఖలాసీలుగ చేరినవారు నేడు డెబ్బది యేండ్ల దరినున్నారు. కావున నమూనా చేయువారు రంపము పట్టుటకు ముందు అట్టివారి యరుగుమీద కూర్చుండవలెను.

వారిని యింజను పేర్లు అడిగిన చాలదు. బూడిదగుంట బొగ్గు గట్టునకు ముందా వెనుకా? అది షెడ్డును బట్టి మారెడిది. నిప్పుగూటిలోని చిట్టెము ఎటువైపు లాగిరి? ఆ వేడి బూడిదపై నీరు చల్లినవా రెక్కడ నిలిచిరి? బాయిలరు కడుగుటకు ఏ దారి? చల్లారిన యింజనున మరల నిప్పు రాజవేసి ఆవిరి తెచ్చుటకు గంటలు పట్టెడిది గనుక, ఆ పనివాడు రాత్రియే రావలెను. అతడు కూర్చుండిన చోటేది? ఇసుక పొయ్యిని చాలమంది మరతురు. చక్రము జారకుండ పట్టాల మీదికి విడుచు ఇసుక తడిసినచో గొట్టమున దిగదు. సముద్రపు గాలి వీచు ఊరిలో ఇసుక నెండించు పొయ్యి లేని షెడ్డు ఉప్పు లేని కూర.

ఇక కొలత. హెచ్.ఓ. అను కొలతలో అసలు వస్తువును 87వ వంతునకు తగ్గింతురు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల బల్ల అప్పుడు సుమారు 160 మీటర్ల పొడవు, 53 మీటర్ల వెడల్పు గల స్థలమగును. టెండరుతో కలిపి 24 మీటర్ల పొడవున్న యింజను 27 సెంటీమీటర్ల పైచిలుకు ఉండును. చిన్న షెడ్డునకు ఇది చాలును. చిక్కు పట్టాల వద్ద వచ్చును. అంగళ్ళలో దొరకు పట్టాల యెడము 16.5 మిల్లీమీటర్లు, అది పాశ్చాత్య దేశముల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోవును. భారతదేశపు బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, అనగా అయిదడుగుల ఆరంగుళములు. 87వ వంతున 19.3 మిల్లీమీటర్లు కావలెను. దాదాపు మూడు మిల్లీమీటర్ల లోటు అల్పమని చాలమంది సరిపెట్టుకొందురు. దూరమునుండి పరుగిడు బండికి సరిపెట్టుకొనవచ్చును. షెడ్డులో మాత్రము యింజను కదలక నిలుచును, చూపరి దానిమీదికి వంగి గుంటలోనికి చూచును. బక్కచిక్కిన దారి అచ్చట దాగదు. పైగా షెడ్డునకు కావలసిన దారి కొద్ది బారలే. పట్టాలను చేతితో వేసి, ఇరుసులను సాగదీయుట శ్రమయే యైనను ఇచ్చట చేయదగిన శ్రమ.

కదలని యింజన్లతో తృప్తిపడువారికి దగ్గరి దారి కలదు. వరాహ నది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మరమీద త్రిప్పి, లక్క పూసి బొమ్మలు చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. బాయిలరు, పొగగొట్టము, ఆవిరి గుమ్మటము, నీటితొట్టి—ఇవన్నియు గుండ్రనివే. లేతు మరకు పుట్టినట్టివే. ఒక్క మాట: లక్క మెరుపును షెడ్డులోనికి రానీయరాదు. నేల నూనెతో, బూడిదతో నల్లబడవలెను. నలుగగొట్టిన అసలు బొగ్గు, పొయ్యిలోని జల్లించిన బూడిద ఏ రంగుకంటెను మేలు. కప్పు ఎత్తివేయుటకు వీలుగ నుండవలెను. ప్రతి దారిపైన కప్పులో పొగ పోవు మార్గము తప్పరాదు.

తుదకు మనుష్యులు. అయిదడుగుల ఆరంగుళముల పురుషుడు ఈ కొలతలో 19.3 మిల్లీమీటర్లు, సరిగా పట్టాల యెడమంత. అతనిని అడ్డముగ పరుండబెట్టి దారి సరిగా నున్నదో లేదో చూచుకొనవచ్చును. సరిచూచిన పిమ్మట లేవనెత్తి, చేతికి పార ఇచ్చి, బూడిదగుంట పక్కన నిలుపవలెను.