ప్రేమ పేరుతో పెత్తనం – బడి వయసులోనే మాట్లాడాలి

(మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రెండు రోజులుగా మనం గృహహింస చట్టం గురించీ, పనిచేసే చోట జరిగే వేధింపుల గురించీ మాట్లాడుకున్నాం. పెళ్ళయిన స్త్రీల విషయంలో, ఉద్యోగం చేసే స్త్రీల విషయంలో మనకు చాలా అనుభవం ఉంది. కానీ బడికో, జూనియర్ కాలేజీకో వెళ్ళే అమ్మాయి తాను ఇష్టపడిన అబ్బాయి చేతిలోనే దెబ్బలు తింటుంటే మనం ఏం చేస్తున్నాం? మన రిజిస్టర్లలో ఆ కేసు రాసుకోవడానికి గడి కూడా ఉండదు. "ప్రేమ వ్యవహారం" అని రాసి పక్కన పెట్టేస్తాం. ఈ రోజు ఆ గడి గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మేం పనిచేసే మండలంలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి మా కార్యకర్త దగ్గరికి వచ్చింది. ఇంటర్ చదివే అబ్బాయితో ఏడాదిగా స్నేహం. మొదట్లో బాగానే ఉండేవాడట. తర్వాత్తర్వాత ఎవరితో మాట్లాడావు, ఫోన్ ఎందుకు ఎత్తలేదు, ఆ డ్రెస్సు ఎందుకు వేసుకున్నావు అని నిలదీయడం మొదలైంది. ఆ తర్వాత చెంపదెబ్బలు. ఇక వద్దు అంటే, ఇద్దరూ కలిసి దిగిన ఫోటోలు మీ నాన్నకు పంపిస్తానన్నాడు. మా కార్యకర్త కంగారుపడి ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి తల్లిదండ్రులకు చెప్పేసింది. అదే సరైన పని అని అప్పుడు మేమందరం అనుకున్నాం.

వారం తిరక్కుండా ఆ అమ్మాయిని బడి మాన్పించారు. మూడు నెలల్లో మేనబావతో పెళ్ళికి ముహూర్తం పెట్టారు. మేం అడ్డుపడి పెళ్ళి ఆపగలిగాం గానీ ఆ పిల్లను తిరిగి బడికి పంపించలేకపోయాం. ఆ అబ్బాయి మాత్రం నిశ్చింతగా పరీక్షలు రాసి డిగ్రీలో చేరాడు. ఒకరోజు ఆమె నాతో అంది: "మీకు చెప్పకపోయినా బాగుండేది మేడం. వాడు కొట్టినా బడికైతే పోయేదాన్ని."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. హింస గురించి నోరు విప్పినందుకు అమ్మాయికే శిక్ష పడుతుంటే ఏ అమ్మాయీ నోరు విప్పదు. ఎవరూ నోరు విప్పని చోట నివారణ అనే మాటకు అర్థం లేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. మిగతాదంతా దీని వివరణే.

మన పత్రికలు ఒక మాటను అలవాటు చేశాయి: "ప్రేమోన్మాది". 2004లో విజయవాడలో ఒక కళాశాల విద్యార్థినిని తరగతి గదిలోనే నరికి చంపినప్పుడు ఇదే మాట రాశారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసినప్పుడూ ఇదే మాట. ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి నెల తిరక్కుండానే చనిపోయింది. నిందితులైన ముగ్గురు యువకులను దాడి జరిగిన కొద్ది రోజులకే పోలీసులు కాల్చి చంపారు. చాలామంది చప్పట్లు కొట్టారు. విచారణ లేని చావు న్యాయం కాదని స్త్రీల సంఘాల్లో కొందరం అప్పుడే అన్నాం. కాల్పులతో ఆ ముగ్గురూ పోయారు గానీ, కాదన్న అమ్మాయిని బతకనివ్వకూడదనే ఆలోచన ఎక్కడికీ పోలేదు.

"ఉన్మాదం" అన్నప్పుడు ఏమవుతుంది? పిచ్చివాడు చేసిన పనికి సమాజం బాధ్యత వహించనక్కరలేదు. కానీ ఆ అబ్బాయిలు ఒక్కరోజులో అలా తయారు కాలేదు. "కాదు" అంటే "అవును" అని నేర్పిన సినిమాలు, వెంటపడితే ఎప్పటికైనా లొంగుతుందని చెప్పిన స్నేహితులు, అమ్మను నాన్న కొడుతుంటే టీవీ శబ్దం పెంచుకున్న ఇల్లు, "ఈవ్ టీజింగ్" అనే మెత్తని మాటతో సరిపెట్టిన బడి, ఇవన్నీ కలిసి ఆ అబ్బాయిని తయారుచేశాయి. ఏళ్ళ తరబడి నేర్చుకున్న పెత్తనం అది. నేర్చుకున్నది గనుకనే, ఇంకొకటి నేర్పడానికి అవకాశం కూడా ఉంది.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. ఈ పని మనకంటే ముందు మొదలుపెట్టిన ఒక సంస్థ గురించి చెబుతాను. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్. మన తెలుగువాళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు అక్కడి బడుల్లో చదువుతున్నారు. అక్కడ భర్తల హింస నుంచి పారిపోయి వచ్చిన స్త్రీలకు ఆశ్రయమిచ్చే కేంద్రం ఒకటి ఉండేది. 1980ల చివర్లో బడి కౌన్సెలర్లు ఆ కేంద్రాన్ని సాయమడిగారు. ప్రేమించిన అబ్బాయిల చేతిలో దెబ్బలు తింటున్న అమ్మాయిలు తమ దగ్గరికి వస్తున్నారని వాళ్ళు చెప్పారు. అలా "ఎక్స్‌పెక్ట్ రెస్పెక్ట్" అనే కార్యక్రమం పుట్టింది. గౌరవం నీ హక్కు, దాన్ని ఆశించు అని దాని భావం. 1998లో ఆ కేంద్రమూ, అత్యాచార బాధితులకు సాయపడే మరో సంస్థా కలిసి సేఫ్‌ప్లేస్ అనే సంస్థ అయ్యాక కూడా ఆ పని కొనసాగింది.

వాళ్ళ పద్ధతిలో మనం గమనించాల్సినవి మూడున్నాయి. మొదటిది, వాళ్ళు పిల్లల్ని తమ ఆఫీసుకు రమ్మనలేదు, తామే బడికి వెళ్ళారు. బడి వేళల్లోనే వారానికొకసారి చిన్న బృందంగా కూర్చోబెట్టి, 24 వారాల పాటు మాట్లాడారు. మనం ఏడాదికొకసారి మార్చి 8న మైకు పట్టుకుని గంటసేపు చెప్పి వస్తాం. ఆ గంటలో ఏ పిల్లా తన కథ చెప్పదు. రెండోది, అమ్మాయిల బృందాలూ, అబ్బాయిల బృందాలూ వేరువేరుగా నడిపారు. ఇంట్లో గానీ బయట గానీ హింసను చూసిన, అనుభవించిన పిల్లలకు ఆ బృందాల్లో చోటిచ్చారు. తల్లి దెబ్బలు తినడం చూసిన అబ్బాయి కొట్టేవాడిగా మారకముందే అతనితో మాట్లాడారన్నమాట. మూడోది, బృందాలతో ఆగకుండా మొత్తం బడిని కదిలించారు. పిల్లల చేత నాటకాలు వేయించారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

ఇంత చేసినా ఘోరాలు ఆగలేదు. 2003 మార్చిలో అదే ఆస్టిన్‌లో, ఒక ఉన్నత పాఠశాల వరండాలో 15 ఏళ్ళ అమ్మాయిని, ఆమె వదిలేసిన అబ్బాయి కత్తితో పొడిచి చంపాడు. మన విజయవాడ తరగతి గదికి ముందటి ఏడాది. దేశాలు వేరు, భాషలు వేరు, "వదిలేస్తావా?" అనే ఆ కోపం ఒక్కటే. తర్వాత ఏం జరిగిందన్నది మనం చూడాలి. ఆ పిల్ల తల్లి, సంస్థలు పట్టుబట్టగా 2007లో టెక్సాస్‌లో చట్టం వచ్చింది. ప్రతి బడి యాజమాన్యం ఈ హింస మీద రాతపూర్వకమైన విధానం పెట్టుకోవాలి. బాధితురాలి రక్షణకు ప్రణాళిక ఉండాలి, ఉపాధ్యాయులకు శిక్షణ ఉండాలి, పిల్లలకు కౌన్సెలింగ్ ఉండాలి, తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలి. అంటే ఒక చావు తర్వాత వాళ్ళు బడి బాధ్యత ఏమిటని అడిగారు. వరంగల్ తర్వాత మనం తుపాకీ పేలిందా లేదా అని అడిగాం.

ఇదంతా అమెరికా పద్ధతి, మన పిల్లలకు డేటింగులు లేవు అని కొందరు ఉపాధ్యాయులు అంటారు. మాట లేకపోతే సంగతి లేకుండా పోతుందా? బస్‌స్టాపులో చూపులున్నాయి, ట్యూషన్ దగ్గర చీటీలున్నాయి, ఇప్పుడైతే అర్ధరాత్రి వాట్సాప్ ఉంది. పిల్లలు ఇష్టపడుతున్నారు. ఆ నిజాన్ని ఒప్పుకోకుండా, ఆ ఇష్టంలో ఏది మంచి, ఏది ప్రమాదం అని వాళ్ళతో మాట్లాడలేం.

అయితే మన దగ్గర ఒక తేడా ఉంది. దాన్ని మరిచిపోతే మేం చేసిన తప్పే మీరూ చేస్తారు. ఇక్కడ అమ్మాయికి రెండు వైపులా భయమే. ఒకపక్క ఆ అబ్బాయి చెయ్యి, రెండోపక్క ఇంటివాళ్ళ చెయ్యి. కులం దాటి పెళ్ళి చేసుకున్న కూతురి భర్తను కిరాయి హంతకుడి చేత చంపించిన సంఘటన 2018లో మిర్యాలగూడలోనే జరిగింది. ఆ సంగతి ప్రతి ఊళ్ళో ప్రతి ఆడపిల్లకూ తెలుసు. తెలిసిన పిల్ల, కొట్టే అబ్బాయి గురించి ఇంట్లో చెబుతుందా? ఆ మౌనమే అబ్బాయికి ఆయుధం. "మీ నాన్నకు చెప్తా" అనే బెదిరింపుకు బలం వాడిది కాదు, మన కుటుంబాలు ఇచ్చిందే. కాబట్టి అబ్బాయి పెత్తనాన్ని ప్రశ్నిస్తూ తండ్రి పెత్తనాన్ని వదిలేస్తే మన పని సగమే.

అబ్బాయిల విషయంలో మన దేశంలోనే ఒక మంచి ప్రయత్నం జరిగింది. అమెరికాలో క్రీడా శిక్షకుల ద్వారా అబ్బాయిలతో మాట్లాడించే కార్యక్రమాన్ని ఇంటర్నేషనల్ సెంటర్ ఫర్ రీసెర్చ్ ఆన్ విమెన్ అనే సంస్థ ముంబైలో క్రికెట్ కోచ్‌లతో "పరివర్తన్" పేరుతో చేసింది. ఉపాధ్యాయుడు చెబితే వినని అబ్బాయి కోచ్ చెబితే వింటాడు. ఆటతో పాటే మాటలు, ఆడపిల్లను గౌరవించడం గురించి. అబ్బాయిల ఆలోచనల్లో మార్పు వచ్చిందని పరిశీలనలో తేలింది. ఎదుట వేధింపు జరుగుతుంటే అడ్డుకునే ధైర్యం మాత్రం అంత తేలిగ్గా రాలేదు. కాబట్టి తొందరపడకుండా, ఏళ్ళ తరబడి చేయాల్సిన పని ఇది. మన ఊళ్ళలో కబడ్డీ నేర్పే పీఈటీ మాస్టారు ఉన్నారు కదా, అక్కడ మొదలుపెట్టవచ్చు.

ఇక చట్టం. వెంటపడటం, ఇష్టం లేదన్నా సందేశాలు పంపడం, ఇంటర్నెట్‌లో నిఘా వేయడం 2013 నుంచి నేరం. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో ఉంది. యాసిడ్ దాడికి 124వ సెక్షన్. 18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఆ వయసులో ఇష్టపడి దగ్గరైనా చట్టం ఆ ఇష్టాన్ని గుర్తించదు. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపడం మన విధి. తెలపకపోతే మనమే శిక్షకు లోనవుతాం. అందుచేత ఏ అమ్మాయి వచ్చినా, ఆమె నోరు విప్పకముందే ఏది రహస్యంగా ఉంచగలమో, ఏది ఉంచలేమో స్పష్టంగా చెప్పాలి. చెప్పించుకున్నాక మాట తప్పితే అది రెండో దెబ్బ అవుతుంది. చెంపదెబ్బలు, అనుమానాలు, బెదిరింపుల దగ్గర ఉన్నప్పుడే పిల్ల మన దగ్గరికి వస్తే, ఆమె భద్రత గురించి ఆమెతో కలిసి ఆలోచించే వ్యవధి మనకు దొరుకుతుంది. తొందరగా మాట్లాడాలని నేననేది అందుకే.

మా సంస్థలో ఇప్పుడు కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఎనిమిదో తరగతి నుంచే మొదలుపెడతాం. వచ్చిన అమ్మాయిని "ఎందుకు ప్రేమించావు?" అని అడగం. "నీకు ఏం కావాలి? ఎవరికి చెబితే నీకు మేలు? ఎవరికి చెబితే ప్రమాదం?" అని అడుగుతాం. ఇంట్లో చెప్పక తప్పని పరిస్థితి వస్తే, ముందు ఆమెకు చెబుతాం. ఇంట్లో ఆమె పక్షాన నిలబడే మనిషిని, అమ్మమ్మో పిన్నో ఎవరో ఒకరిని, ముందు వెతుకుతాం. చదువు ఆపబోమని తల్లిదండ్రుల చేత మాట తీసుకుంటాం, నెలనెలా బడికెళ్ళి హాజరుపట్టీ చూస్తాం. పెళ్ళి మాట వస్తే వెంటనే 1098కి ఫోన్ చేస్తాం. తల్లులతో విడిగా కూర్చుంటాం, ఎందుకంటే చాలామంది తల్లులు తమ కూతురి కథలో తమ కథనే వింటారు.

పిల్లలతో మాట్లాడేటప్పుడు మేం పెద్ద పెద్ద మాటలు వాడం. చిన్న ప్రశ్నలు వేస్తాం. నీ ఫోన్ పాస్‌వర్డ్ అడిగేవాడికి నీమీద ప్రేమ ఎక్కువా, అనుమానం ఎక్కువా? కొట్టి ఏడ్చి క్షమాపణ అడిగితే మళ్ళీ కొట్టడా? చచ్చిపోతానని బెదిరిస్తే ఆ ప్రాణానికి బాధ్యత నీదేనా? అబ్బాయిలనూ అడుగుతాం: ఆమె వద్దంటే నీ పరువు ఎందుకు పోవాలి? ఒకసారి ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి చాలాసేపు ఆలోచించి, "కాదంటే ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు మేడం" అన్నాడు. నిజమే. ఏడుపు వస్తే ఏడవొచ్చని, స్నేహితుడితో చెప్పుకోవచ్చని, కొన్నాళ్ళకు ఆ బాధ తగ్గుతుందని వాళ్ళకు ఎవరు చెప్పారు?

మిత్రులారా, ఆ పదో తరగతి అమ్మాయికి మేం బాకీ పడ్డాం. ఆమె చదువు తిరిగి ఇవ్వలేకపోయాం. ఇక్కడున్న ప్రతి సంస్థా ఈ ఏడాది తన ఊరి ఒక్క బడినైనా ఎంచుకుని, వారం వారం వెళ్ళి పిల్లలతో కూర్చోవాలని కోరుతున్నాను. రేపు ఏ అమ్మాయైనా మీ ముందుకొచ్చి చెప్పుకుంటే, మర్నాడు ఉదయం ఆమె పుస్తకాల సంచి భుజాన వేసుకుని బడికి వెళ్ళగలగాలి. ముందు అది చూడండి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.