మన సందు పటంలో ఉండాలి



ఉపాధ్యాయులుగా మేము పిల్లలకు భారతదేశ పటంలో గంగా గోదావరులను గుర్తించడం నేర్పుతాం. కానీ వారు ఉండే సందు ఏ పటంలో ఉంది? ఫోన్‌లో పెద్ద రోడ్డు కనిపిస్తుంది. లోపలి గల్లీకి పేరుండదు, ఒక్కోచోట గీత కూడా ఉండదు. 108కి ఫోన్ చేస్తే ఎవరో ఒకరు మెయిన్ రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. అలాంటి వేళ బయటి ఊళ్ల నుంచి అన్నం పొట్లాలు తెచ్చేవారికి లోపలి దారి తెలియకపోతే, పొట్లాలు సందు మొదట్లోనే అయిపోతాయి.

ఈ లోటు మనమే తీర్చుకోవచ్చు. 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అందరూ కలిసి గీసే పటం. వాడుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు దేశదేశాల వారు ఉపగ్రహ చిత్రాలు చూసి అక్కడి వీధులు గీశారు. సహాయక బృందాలు ఆ పటాన్ని వాడుకున్నాయి. గీత దూరం నుంచైనా గీయవచ్చు. సందు పేరేమిటో, ఏ మలుపులో ఆటో పట్టదో అక్కడివారికే తెలుసు.

ఇది నేర్పడానికి తగిన చోటు మన ఊరి గ్రంథాలయం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకుని, తరువాత కాలువల్లో పడవల మీద పుస్తకాలు తిప్పిన ఉద్యమం మనది. నేటికీ ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అక్కడ ఆటో డ్రైవరూ, కాలేజీ అమ్మాయీ, రిటైరైన పెద్దాయనా ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు.

నాలుగు ఆదివారాలు చాలు. మొదటి వారం ఉపగ్రహ చిత్రంలో బడి, మస్జిదు, చెరువు గుర్తుపట్టడం. రెండో వారం పటం ప్రింటు తీసుకుని గల్లీ తిరిగి పెన్సిలుతో రాసుకోవడం. మూడో వారం కంప్యూటర్లో ఎక్కించడం. నాలుగో వారం ఒకరి పని ఒకరు సరిచూడడం. స్మార్ట్‌ఫోన్ లేని అమ్మ కూడా రెండో వారం మనకు గురువే.

ఒక జాగ్రత్త మొదటి రోజే చెప్పాలి. కుళాయి, ఆస్పత్రి, అంగన్‌వాడీ పటంలో పెట్టాలి. వితంతువు ఇల్లు, సాయం అందుకునే కుటుంబం పెట్టకూడదు. ఆ వివరాలు మన దగ్గర అమానత్.

మేము భవనం అడగడం లేదు. రెండు పాత కంప్యూటర్లు, నెట్ బిల్లు, ప్రింటు కాగితాలు ఇప్పించండి. జకాత్ సొమ్ము దాని హక్కుదారులకే వెళ్లాలి; ఈ పనికి సదకా చాలు. ఆదివారాలు మేము ఇస్తాం. వచ్చే వానాకాలం లోపు ఒక్క వార్డు పూర్తి చేసినా, మీరు పంపే సాయం చివరి ఇంటి గడప దాకా చేరుతుంది.