కంటికి కనపడని జీవులు - మన కర్తవ్యం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు మా వైద్య విభాగాన్ని కోరారు. ఆరోగ్యమంటే చాలా పెద్ద విషయం. అందులోంచి ఒక చిన్న భాగం తీసుకున్నాం. చిన్నదంటే మామూలు చిన్నది కాదు, కంటికి కనపడనంత చిన్నది. బాక్టీరియా, ఫంగస్ అనే రెండు రకాల జీవులను గూర్చి చెప్పదలిచాం. మనం ఈ రెంటినీ ఒకే గాటన కట్టి 'క్రిములు' అనేస్తాం. అలా ఒకే గాటన కట్టడం వల్లనే మన ఇళ్ళలో చాలా నష్టం జరుగుతున్నది. మా విభాగం కూడా అటువంటి తప్పు ఒకటి చేసింది. చివర అది కూడా మీ ముందు ఒప్పుకుంటాం.

హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి వుండేవాడు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు. స్వయంగా గాజు కటకాలు సానపట్టి సూక్ష్మదర్శినులు తయారు చేసుకునేవాడు. 1676లో నీటిలోను, 1683లో తన పళ్ళ మీది పాచిలోను కదలాడే జీవులను చూసి, లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరాలు వ్రాశాడు. అయితే ఈ జీవులకూ మన జబ్బులకూ సంబంధం వున్నదని రుజువు కావడానికి మరి రెండు వందల ఏళ్ళు పట్టింది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని లోకానికి చూపించాడు. మరుసటి ఏడాది ఆయనే మన కలకత్తాకు వచ్చి, కలరా రోగులను పరీక్షించి, 1884లో ఆ క్రిమి సంగతి కూడా తేల్చాడు.

ఇక ఇవి ఎలా పెరుగుతాయో చూద్దాం. బాక్టీరియా ఒకే ఒక కణం. మన కణాలలో వుండే కేంద్రకం దానిలో వుండదు. అది పెరిగి, నడుమ చీలి, రెండవుతుంది. తడి, వెచ్చదనం, తిండి దొరికితే చాలు. మన పేగుల్లో వుండే ఇ.కోలై అనే బాక్టీరియా అనుకూలమైన చోట 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. అంటే ఒకటి గంటకు 8 అవుతుంది, రెండు గంటలకు 64. తిండి తరగకుండా ఈ లెక్క సాగితే ఏడు గంటలకు 20 లక్షలు దాటుతుంది! వలీమా రాత్రి మిగిలిన బిర్యానీని దేగ్‌లోనే మూతపెట్టి వుంచి తెల్లవారి పంచుతాం. అన్నం వండినా చావని మొండి బీజాలు కలిగిన బాక్టీరియా వొకటి వుంది. గోరువెచ్చని అన్నంలో రాత్రంతా పెరిగి విషం తయారు చేస్తుంది. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. వాసన బాగానే వుంది గదా అనుకుంటే లాభం లేదు. మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్ళేలలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. లేదా ఆ రాత్రే పంచిపెట్టాలి.

అన్ని బాక్టీరియాలూ ఇంత తొందరగా పెరగవు. క్షయ క్రిమి రెట్టింపు కావడానికి సుమారు 15 నుంచి 20 గంటలు పడుతుంది. నిదానంగా పెరుగుతుంది, కొన్ని చోట్ల నిద్రపోయినట్లు పడి వుంటుంది. అందుకనే దానికి మందు కూడా నెలల తరబడి వాడవలసి వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఫంగస్ వేరు జాతి. తెలుగులో శిలీంధ్రం అంటారు, మన ఇళ్ళలో బూజు అంటాం. రొట్టె మీద, ఊరగాయ జాడీలో, వానాకాలంలో తోలు చెప్పుల మీద, పెట్టెలో దాచిన షేర్వాణీ మీద కనిపించేది ఇదే. పుట్టగొడుగులు కూడా ఈ జాతివే. వీటిలో ఈస్టు వంటివి ఒకే కణంతో వుండి మొగ్గ తొడిగినట్లు పెరుగుతాయి. బూజులు సన్నని దారాలుగా సాగుతాయి. ఫంగస్‌కు నోరు లేదు. తాను కూర్చున్న పదార్థం మీద రసాలు వదిలి, బయటనే జీర్ణం చేసుకొని పీల్చుకుంటుంది. రొట్టె పైన కనిపించే ఆకుపచ్చ పొడి దాని బీజాలు మాత్రమే. దారాలు అప్పటికే లోపలికి పోయి వుంటాయి. పైపైన గీకేసి పిల్లలకు పెట్టడం తగదు. బూజు పట్టిన వేరుసెనగ గింజలలో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయానికి చేటు. వేయించినా పూర్తిగా పోదు. అటువంటి గింజలు చవకగా వచ్చాయని కొనవద్దు.

శాస్త్రజ్ఞులు వీటిని ఎలా విభజించారో రెండు మాటల్లో చెబుతాం. బాక్టీరియాను మొదట ఆకారాన్ని బట్టి విడదీశారు. గుండ్రనివి, కడ్డీ వంటివి, మెలికలు తిరిగినవి. 1884లో డెన్మార్కు దేశస్థుడు గ్రామ్ ఒక రంగు వేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ రంగును పట్టి వుంచేవి ఒక వర్గం, వదిలేసేవి మరొక వర్గం. ఏ మందు పనిచేస్తుందో ఊహించడానికి ఈనాటికీ లేబరేటరీలలో ఈ పద్ధతే మొదటి మెట్టు. ఫంగస్‌ను చాలా కాలం మొక్కలలో చేర్చారు. 1969లో విట్టేకర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చేసిన వర్గీకరణలో వాటికి ప్రత్యేకంగా ఒక రాజ్యమే ఇచ్చాడు. తరువాతి పరిశోధనల్లో ఇంకొక వింత తేలింది. ఫంగస్ మొక్కలకంటే జంతువులకే దగ్గర చుట్టం! వింటే నవ్వొస్తుంది గాని, దీనిలో పెద్ద కష్టం దాగి వుంది. దాని కణం మన కణాన్ని పోలి వుంటుంది గనుక, మనకు హాని చెయ్యకుండా దాన్ని మాత్రమే చంపే మందు దొరకడం కష్టం. ఫంగస్‌కు మందులు తక్కువగా వుండడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇవన్నీ వింటుంటే ఈ జీవులన్నీ మన శత్రువులే అనిపించవచ్చు. అలా కాదు. పాలు దహీగా తోడుకునేది బాక్టీరియా వల్లనే. ఇడ్లీ పిండి పులిసేదీ అందువల్లనే. ఖమీరీ రొట్టె పొంగేది ఈస్టు వల్ల. మన పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియా మనకు సాయపడుతూ బ్రతుకుతున్నది. మందులు కూడా వీటి నుంచే వచ్చాయి. 1928లో ఫ్లెమింగ్ ఒక బూజు చుట్టూ బాక్టీరియా చచ్చి వుండడం గమనించాడు. పెనిసిలిన్ కథ అక్కడ మొదలైంది. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళలు మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి ఫంగస్‌ను చంపే నిస్టాటిన్ అనే మందును వెలికితీశారు. చూశారా, ఫంగస్ బాక్టీరియాకు మందు ఇచ్చింది, బాక్టీరియా ఫంగస్‌కు మందు ఇచ్చింది. ఈ కథలో మన తెలుగువారి పాత్ర కూడా వుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆరియోమైసిన్ అక్కడి నుంచే 1948లో వెలువడింది. ఆయన పోయిన తరువాత 1953లో ఒక ఫంగస్ ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

ఇక అసలు విషయానికి వస్తాం. బాక్టీరియాను చంపే మందు ఫంగస్‌ను చంపదు. ఫంగస్‌ను చంపే మందు బాక్టీరియా మీద పనిచెయ్యదు. జలుబు, ఫ్లూ తెచ్చే వైరస్ మూడో రకం, దాని మీద యాంటీబయోటిక్ అసలే పనిచెయ్యదు. పైగా అవసరం లేని యాంటీబయోటిక్ మింగితే మన మేలు కోరే బాక్టీరియా చస్తుంది, ఖాళీ అయిన ఆ చోటులో ఫంగస్ పెరుగుతుంది. యాంటీబయోటిక్ వాడిన పసిపిల్లల నోటిలో కొన్నిసార్లు తెల్లని పూత వచ్చేది ఇందువల్లనే.

మనం 'గజ్జి తామర' అని ఒకే మాటగా అంటాం. గజ్జి ఒక చిన్న పురుగు వల్ల వస్తుంది, తామర ఫంగస్ వల్ల వస్తుంది. రెంటికీ మందు వేరు. మన వీధుల్లో ఏమవుతున్నది? దుకాణంలో అడిగి ఒక ట్యూబు తెచ్చి పూస్తారు. వాటిలో చాలావాటిలో స్టిరాయిడ్ కలిసి వుంటుంది. రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గిపోతాయి. 'భలే మందు' అని ఇంట్లో అందరూ అదే పూసుకుంటారు. లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. నెల తిరక్కముందే చేతివెడల్పు మచ్చ నడుం చుట్టూ తిరుగుతుంది. మస్జిదులో అందరూ ఒకే తువ్వాలుతో తుడుచుకోవడం, ఒకరి టోపీ ఒకరు పెట్టుకోవడం, వజూ చేసుకొని తడి కాళ్ళు అలాగే మేజోళ్ళలో దూర్చడం, ఇవన్నీ తామరకు పిలుపులే. పరిశుభ్రతకు మన దీన్‌లో ఉన్న స్థానం మీకు తెలిసినదే. కడుక్కోవడంతో పాటు వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవడం కూడా అందులో భాగమే అనుకుందాం. ఎవరి తువ్వాలు వారిది.

2021 వేసవి మనం మరచిపోలేం. కోవిడ్ నుంచి బయటపడినవారికి బ్లాక్ ఫంగస్ వచ్చింది. హైదరాబాదు కోఠీలోని ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. ఆ బూజు ఎక్కడో నుంచి కొత్తగా ఊడిపడింది కాదు. మట్టిలో, కుళ్ళిన ఆకులలో ఎప్పుడూ వుండేదే. దాని రంగు కూడా నలుపు కాదు, అది సోకి చచ్చిన కండ నల్లబడుతుంది. చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి, స్టిరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి అది ప్రాణాంతకమైంది. మన ఒంటి కాపలా సడలితే పక్కనున్న సామాన్య జీవే దొంగ అవుతుంది.

మళ్ళీ క్షయ దగ్గరికి వద్దాం. 2013లో మా బస్తీలో ఒక యువకుడికి క్షయ వచ్చింది. జరీ పని చేసేవాడు. పేరు చెప్పం. సర్కారు మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు దగ్గు పోయింది, ఒంటికి కండ పట్టింది. అంతలో రంజాన్ వచ్చింది. 'బాగానే వున్నాను గదా' అని మందు ఆపేశాడు. మేము అడిగితే, పండుగ తరువాత చూస్తాలెండి భాయ్ అన్నాడు. పండుగ వెళ్ళింది, చలికాలం వచ్చింది, నెత్తురు పడింది. ఈసారి మామూలు మందులకు ఆ క్రిమి లొంగలేదు. రెండేళ్ళపాటు చికిత్స, నెలల తరబడి రోజూ సూది. అల్లాహ్ దయవల్ల బ్రతికాడు. ఆ సూదుల వల్ల చెవుల వినికిడి మాత్రం పోయింది. ఈ రోజుకీ అజాన్ ఆయనకు వినపడదు. వాళ్ళ అమ్మీ భుజం తట్టి చెబుతుంది.

ఎందుకిలా జరిగింది? కోట్ల క్రిములలో మందుకు తట్టుకునేవి కొన్ని వుంటాయి. మొదట బలహీనమైనవి చస్తాయి, మనకు నెమ్మదిస్తుంది. అప్పుడు మందు ఆపితే మిగిలిన గట్టివి పెరిగి సంతానాన్ని కంటాయి. ఆ సంతానం ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటే, వారికి మొదటి రోజు నుంచే మామూలు మందు పనిచెయ్యదు. తక్కువ మోతాదు వాడితే క్రిములు మొండికేస్తాయని ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించాడు.

ఇప్పుడు మా తప్పు. 2011లో మా విభాగం ఉచిత వైద్య శిబిరం పెట్టింది. ఎక్కువమందికి అందాలని, దగ్గు జలుబు అన్న ప్రతివారికీ రెండేసి రోజుల యాంటీబయోటిక్ గోలీలు పంచాం. ఫోటోలు దిగాం. సంఘ నివేదికలో ఎంతమందికి పంచామో గొప్పగా వ్రాసుకున్నాం. ఆ జలుబులకు ఆ గోలీలు అక్కరలేదు. నిజంగా అవసరమైన ఒకరిద్దరికి రెండు రోజులు చాలవు. సవాబ్ అనుకొని చేసిన పని అది. ఆ యువకుడి ఇంటికి తిరిగిన రెండేళ్ళలో మాకు కళ్ళు తెరుచుకున్నాయి. అప్పటి నుంచి మా శిబిరంలో డాక్టరు చీటీ లేకుండా గోలీ ఇవ్వడం లేదు. ఇస్తే పూర్తి కోర్సు ఇస్తున్నాం. పంచిన గోలీల సంఖ్య తగ్గింది. దానికి మేము సిగ్గుపడడం లేదు.

మీతో నాలుగు మనవులు. ఒకటి, రెండు వారాలు మించిన దగ్గు వుంటే సర్కారు ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించండి. పరీక్ష, మందు రెండూ ఉచితం. రెండు, మామూలు క్షయకు ఆరు నెలల మందు, డాక్టరు ఆపమనేవరకు ఆపవద్దు. రంజాన్‌లో రోజా వుండవచ్చునా లేదా అన్నది డాక్టరునూ ఆలిమ్‌నూ అడగండి. రోగులు తరువాత పూర్తి చేసుకోవచ్చుననే సడలింపు మనకు వున్నది. మందు మాత్రం ఆగరాదు. మూడు, మిగిలిన గోలీలు పొరుగింటికి ఇవ్వవద్దు. పొరుగువారికి కూర పంపండి, మందు పంపవద్దు. నాలుగు, చర్మం మీద మచ్చ కనిపిస్తే ట్యూబు కొనకముందు అది ఏమిటో డాక్టరు చేత చూపించుకోండి.

మందు ఖర్చుకు, ఆసుపత్రికి తోడు రావడానికి మొహమాటపడేవారు వుంటే రాత్రయినా సరే మా తలుపు తట్టండి. క్షయ సిగ్గుపడవలసిన జబ్బు కాదు. సగంలో మానిన మందే మనం సిగ్గుపడవలసిన విషయం.

 అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.