పొట్టి కూలర్, చిన్న కంప్యూటర్

నలువైపులా 17 సెంటీమీటర్లుండే మినీ-ఐటీఎక్స్ మదర్‌బోర్డును తైవాన్ కంపెనీ వీఐఏ 2001లో పరిచయం చేసింది. ఆ బోర్డు చుట్టూ కంప్యూటర్ కట్టుకునేవారు అన్నిటికంటే ముందు చూడాల్సింది ప్రాసెసర్ మీద కూలర్‌కి ఎంత ఎత్తు దొరుకుతుందన్నదే.

డాన్ ఏ4-ఎస్‌ఎఫ్‌ఎక్స్ కేబినెట్‌లో ఆ ఎత్తు 48 మిల్లీమీటర్లు. ఆస్ట్రియా సంస్థ నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ కూలర్ ఫ్యాన్‌తో కలిపి 37 మిల్లీమీటర్లే. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 అయితే 47. రెండూ పడతాయి. ఎత్తు పెరిగితే వేడిని గాలికి వదిలే రేకుల వైశాల్యమూ పెరుగుతుంది కాబట్టి, చోటున్నప్పుడు ఎత్తైనదే మేలు. కేబినెట్ పక్క పలకకు మాత్రం చిల్లులుండాలి. లేకపోతే ఫ్యాన్‌కు గాలి అందదు.

అసలు చిక్కు వాట్ల దగ్గర వస్తుంది. పెట్టె మీద 65 వాట్లని ఉన్నా, ఏఎమ్‌డీ ఏఎమ్5 ప్రాసెసర్ 88 వాట్ల దాకా తీసుకుంటుంది. ఇంటెల్ కోర్ ఐ7-12700 పేరుకి 65 వాట్లదే, టర్బోలో మాత్రం 180కి చేరగలదు! అంత వేడిని అరచేతిలో ఇమిడే కూలర్ ఎక్కువసేపు మోయలేదు. ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది. బయోస్‌లో పవర్ పరిమితిని ముందే తగ్గించుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. ఎండాకాలం ఏసీ లేని గదిలో ఇది మరీ అవసరం, ఎందుకంటే ఏ ఫ్యాన్ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడికన్నా చల్లబరచలేదు.

ర్యామ్ మీదికి వచ్చేంత వెడల్పాటి కూలర్ కొనేవారు ర్యామ్ ఎత్తు కూడా కొలుచుకోవాలి.