మందు చంపేది మొక్కనే



ఈ కవర్లో ఉన్నది మన హాలు గేటు పక్కన పీకిన మొక్క. చేతికి తొడుగు వేసుకునే పీకాను, మూతి కట్టే తెచ్చాను. వయ్యారిభామ. ఆ పేరు పెట్టినాయన ఎవరోగానీ, దురద పుట్టకముందే పెట్టి ఉంటాడు.

1955లో పుణెలో దీన్ని గుర్తించారు. అమెరికా గోధుమలతో దిగిందని జనం మాట. దీనిలోని పార్థెనిన్ అనే విషం తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. గొడ్డు మేస్తే పాలు చేదు. అనంతపురం రైతులకు 2000 సంవత్సరం గుర్తుండే ఉంటుంది. వేరుశనగలో కాండం కుళ్లు వైరస్ చెలరేగి దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. ఆ వైరస్‌కు ఆశ్రయమిచ్చింది ఈ మొక్కే. పైకి ఏ జబ్బూ కనబడనివ్వదు. దీని పుప్పొడి తామర పురుగుల ద్వారా చేనుకి వైరస్‌ను అంటిస్తుంది.

సరే, కలుపుమందు కొడదామంటారు. ఎప్పుడు కొడతారు? తెల్లపూలు కంటబడ్డాక. అప్పటికి పొద్దుపోయింది. ఒక్కో మొక్క 15 వేల నుంచి 25 వేల గింజలు రాలుస్తుంది. మందు చంపేది మొక్కను, నేలలో పడ్డ గింజను కాదు. క్యారెట్ ఆకులా నేలకు పరుచుకుని ఉన్నప్పుడే కొట్టాలి.

పంట లేని చోట గ్లైఫోసేట్ అనే కలుపుమందు సిఫారసు లీటరు నీటికి 10 నుంచి 15 మిల్లీలీటర్లు. కుంటలోని బురదనీళ్లు కలిపారో, మట్టి రేణువులు మందును పట్టేసుకుంటాయి. బాటపక్క దుమ్ము పట్టిన ఆకు మీదా అంతే. మందు వేరుదాకా దిగడానికి పదీ పదిహేను రోజులు పడుతుంది. నాలుగో రోజుకే పనిచేయలేదని మళ్లీ కొట్టకండి. పైగా ఈ మందును లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఆదేశించింది. అలా లైసెన్సున్న వాళ్లతోనే కొట్టించుకోవాలి.

టూ ఫోర్ డి అనే కలుపుమందు సంగతి వేరు. గడ్డిని వదిలి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. బీడులో అది మంచిదే, మిగిలిన గడ్డి ఖాళీని కప్పేస్తుంది. కానీ పక్కన పత్తి ఉంటే జాగ్రత్త. ఒక రైతు గట్టు మీద కొట్టి, అదే ట్యాంకును పైపైన కడిగి పత్తికి పురుగుమందు పోశాడు. వారం తిరిగేసరికి పత్తి ఆకులు బెండ ఆకుల్లా సన్నగా చీలి ముడుచుకున్నాయి. "సారూ, ఇది ఏం తెగులు?" అని కొమ్మ పట్టుకొచ్చాడు. తెగులు ఆయన పంపులోనే ఉంది.

చారల పెంకుపురుగులు ఆకు తింటున్న చోట మందు జోలికి పోవద్దు. 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో పురుగులవి. వానాకాలమంతా మన పని అవి కూలి లేకుండా చేస్తాయి.

ఇక ఈ కవర్లోని మొక్క. దీన్ని తగలబెడతాను. పీకిన చోట మాత్రం జానెడు నేల ఖాళీగా ఉంది. ఆ ఖాళీని కప్పేసేలా తొలకరికి ముందు అక్కడ గుప్పెడు తగిరిస గింజలు చల్లండి. లేదంటే వచ్చే ఏడు ఇదే సభలో, ఇదే గేటు దగ్గర పీకిన మొక్కనే చూపిస్తాను.